అరవని అమ్మ

శీతాకాలం సెలవులకు మా ఆయన వేసిన పథకం గోడ ఎక్కడం. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, పార్కు అంటే మొహం తిప్పుకుంటున్నారు, ఫోన్లు పక్కన పెట్టించాలంటే చేతులకు పని చెప్పాల్సిందేనన్నారు. బయట ఎముకలు కొరికే చలి. లోపల పెద్ద షెడ్డు, మూడంతస్తుల గోడ, దాని నిండా రంగురంగుల ప్లాస్టిక్ పట్లు.

పదహారేళ్ల మా అమ్మాయి పైకెక్కుతోంది. దాని నడుంపట్టీకి కట్టిన తాడు పైనున్న కమ్మీ మీదుగా తిరిగొచ్చి నా చేతుల్లో ఉంది. "పైకి చేరాక చేతులు వదిలేసి వెనక్కి వాలుతుంది, మీరు మెల్లగా దించండి" అని చెప్పి, శిక్షకురాలు వేరేవాళ్ల దగ్గరికి వెళ్లింది.

సగం పైకి వెళ్లాక చూశాను. నడుం దగ్గర తాడు కొస బారెడు వేలాడుతోంది. పట్టీలోంచి తీసిన కొసను మళ్లీ ముడిలోకి తిప్పి బిగించాలి. ఇందాక కింద అది ఆ ముడి వేసుకుంటుండగానే మా ఆయన "ఇటు చూడు, ఫోటో" అన్నారు. అది నవ్వి, ముడి సగంలోనే వదిలేసి ఎక్కేసింది. వెనక్కి వాలిందంటే తాడు ఊడిపోతుంది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. నేను కేకేస్తే పై వాటావాళ్లు కూడా టీవీ సౌండు తగ్గిస్తారు. మా అమ్మాయి మాత్రం నేను వద్దన్నదే చేస్తుంది. ఇప్పుడు వదలొద్దని అరిస్తే? ఉలిక్కిపడినా చాలు.

మా ఆయన్ని మోచేత్తో పొడిచి ముడి చూపించాను. ఆయన శిక్షకురాలి కోసం పరుగెత్తారు. ఈలోగా అది చివరి పట్టు అందుకుని, ఒక చేయి వదిలింది.

"చిన్నీ," అన్నాను. అలా పిలిచి ఏళ్లయింది. "రెండు చేతులతో గోడ పట్టుకో తల్లీ. మేడం పైకొస్తున్నారు."

అది గోడకు అతుక్కుపోయింది. "అంతే, అలాగే," అంటూనే ఉన్నాను. లోపల చచ్చిపోతున్నాను. శిక్షకురాలు పక్క తాడు మీద ఎక్కి, దాని పట్టీని తన పట్టీకి తగిలించేదాకా నా చూపు ఆ ముడి మీంచి కదల్లేదు.

అది కిందికొచ్చాక కూడా నా పిడికిలి తాడును వదలలేదు.

"ఎప్పుడూ నా మాట వినవు కదే, ఇవాళెలా విన్నావు?"

"నువ్వు అరవలేదుగా," అంది నా భుజం మీద తల పెట్టి. "అందుకే చచ్చేంత భయమేసింది."