బావ చేసిన తలుపు

పాత ఇళ్ల పరిరక్షణ కార్యాలయంలో ఆమెను చాటుగా అందరూ కొలబద్ద అంటారు. పాత వీధుల్లో ఎవరు కిటికీ మార్చాలన్నా, గోడకు కొత్త రంగు వేయాలన్నా ముందు ఆమె వెళ్లి చూసి రావాలి. ఆ తర్వాతే కమిటీ ఔననో కాదనో తేలుస్తుంది. ఇన్నేళ్లలో ఆమె ఒక్క ఇటుకను కూడా చూసీ చూడనట్టు వదిలింది లేదు. అలాంటి మనిషి ఈ రోజు కమిటీ గది బయట బల్ల మీద ముడుచుకుని కూర్చుంది. లోపల విచారిస్తున్నది సొంత అక్క దరఖాస్తు మరి. బంధువుల వ్యవహారం వస్తే లేచి బయటికి పోవాలి, దాని గురించి కమిటీవాళ్లతో ఎక్కడా నోరెత్తకూడదు. ఎత్తితే దరఖాస్తునే కొట్టేస్తారు.

అక్కదేమీ గొంతెమ్మ కోరిక కాదు. వీధి తలుపును బెత్తెడు వెడల్పు చేసుకోనివ్వమంది. పక్షవాతం వచ్చాక బావ చక్రాల కుర్చీలోనే ఉంటున్నాడు. ఆ కుర్చీ ద్వారబంధంలో పట్టదు. వెనకవైపు ఇళ్లన్నీ అతుక్కుని ఉంటాయి కాబట్టి వేరే దారీ లేదు. నలుగురం కలిసి ఎత్తుకెళ్తామంటే, "నేనేమన్నా బీరువానా?" అని బావ గయ్యిమంటాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన గడప దాటలేదు.

ఇంకొకరైతే గుట్టుచప్పుడు కాకుండా పని కానిచ్చేసి, ఏమీ ఎరగనట్టు కూర్చునేవాళ్లు. దర్జాగా అడిగే చేద్దామని పట్టుబట్టింది కొలబద్దే. పైగా, "లోపల అడిగినదానికే జవాబు చెప్పక్కా. ఎక్కువ మాట్లాడావో, కొంప ముంచుకున్నట్టే" అని నూరిపోసింది.

తలుపు సందులోంచి అధ్యక్షుడి గొంతు వినిపించింది.

"ఈ ఫొటోలో లతల చెక్కడం చూశారా? వందేళ్ల కిందటి పనితనం! ఇలాంటి వడ్రంగి మళ్లీ పుట్టడు. దీని మీద రంపం పెట్టమనడానికి నాకు నోరెలా వస్తుంది?"

కొలబద్ద చటుక్కున గది తలుపు వైపు తిరిగింది. ఆ తలుపు చేసింది బావే! ఆ వీధి ఇంకా కమిటీ కిందికి రాకముందు, పాత తలుపును చెదలు తినేస్తే, నెలల తరబడి కూర్చుని ద్వారబంధంతో సహా కొత్తది చేశాడు. అది పాతది కాదని తెలిస్తే కమిటీకి అభ్యంతరమే ఉండదు. ఆమె బదులు చూసొచ్చిన ఉద్యోగి పాతదనే చెప్పినట్టున్నాడు. ఇంటిల్లిపాదికీ తెలిసిన సంగతి బయటివాళ్లకు తెలియకపోవచ్చన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

చెప్పవే అక్కా, చెప్పు, అని లోలోపలే మొత్తుకుంది.

"మీవారికి ఇప్పుడెలా ఉంది?"

"అలాగే ఉందండీ."

"ఇంట్లో ఎవరెవరు ఉంటారు?"

"మేమిద్దరమేనండీ."

తలుపు ఎవరు చేశారని మాత్రం ఒక్కరూ అడగలేదు. కొలబద్ద లేచి గది తలుపు పిడి మీద చెయ్యి వేసింది. లోపలికి అడుగుపెడితే దరఖాస్తు చిత్తుకాగితం. పెట్టకపోతే జరిగేది వినిపిస్తూనే ఉంది. ఏం చెయ్యడానికీ పాలుపోక మళ్లీ బల్ల మీద కూలబడింది.

కాదన్నారు. ఒకసారి కాదన్నది ఈ కమిటీ ఉన్నంతకాలం మళ్లీ అడగడానికి లేదు.

అక్క బయటికొచ్చింది. "నువ్వు చెప్పినట్టే ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడలేదే. అయినా ఎందుకు కాదన్నారు?"

"అది బావ చేసిందని చెప్పలేకపోయావా అక్కా?"

"అదేంటే, వాళ్లకు తెలీదా? ఆ వచ్చినాయన అంతసేపు తడిమి తడిమి చూశాడుగా!"

ఇంటికి వెళ్లేసరికి బావ వీధి వైపే చూస్తూ కూర్చున్నాడు. "ఏమన్నారు మరదలా?"

"నీ తలుపు వందేళ్లనాటిదట బావా. అలాంటి వడ్రంగి మళ్లీ పుట్టడట. అందుకని ముట్టుకోవద్దన్నారు."

బావ పగలబడి నవ్వాడు. జబ్బు పడ్డాక అలా నవ్వడం అదే మొదలు. "పోల్చుకోలేకపోయారా! మరేమనుకున్నావ్? పాతదాని కొలతకి వెంట్రుకవాసి తేడా రానిచ్చానా నేను?"

ఆ చెక్కడాన్ని ఒకసారి తడిమి చూసుకుంటానన్నాడు. అక్క కుర్చీని తలుపు దాకా తోసింది. రెండు చక్రాలూ ద్వారబంధానికి తగిలి కుర్చీ ఆగిపోయింది. బావ పనిచేసే చేత్తో ఒక లతను నిమిరాడు. వీధిలో ఎవరో సైకిలు మీద పోతుంటే వాళ్లు మలుపు తిరిగేదాకా చూశాడు.

"అప్పుడే ఓ బెత్తెడు ఎక్కువ పెట్టాల్సింది, మరదలా" అన్నాడు.