అత్తమ్మ అంచు

చచ్చిపోయినవాళ్లతో పోట్లాట పెట్టుకోవద్దంటారు. పోట్లాట నేను పెట్టుకోలేదు, మా అత్తే పెట్టుకుంది.

మాది సిరిసిల్ల. ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగు సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు. మా ఆయన జనార్దన్ నడుపుతాడు, నేను కండెలు చుట్టి ఇస్తాను. నూలూ గుడ్డా సేటువి, కష్టం మాది. నేసేది లంగాలకు వాడే తెల్లగుడ్డ. అంచూ ఉండదు, పువ్వూ ఉండదు. అలాంటి గుడ్డకు మూలనున్న సాంచె మీద ఎర్రంచు పడటం మొదలైంది.

షెడ్డంతా వెతికినా ఎర్ర పోగు ఒక్కటి లేదు. బీముకు చుట్టిన పడుగు తెల్లది, కండె తెల్లది. గుడ్డకు మాత్రం రెండు పక్కలా ఎర్రంచు, అందులో వరసగా రుద్రాక్షలు. ఆ రుద్రాక్షలు చూడగానే నా ఒళ్లు మండింది. చేతిమగ్గం ఉన్న కాలంలో మా అత్త ఎల్లవ్వ నేసిన అంచు అది. పోయేదాకా ఆ చీరలే కట్టింది. బతికినన్నాళ్లూ నా కూరకు వంక, నా ముగ్గుకు వంక, నేను కట్టిన చీరకు వంక. పోయి ఇంకా ఏడాది తిరగలేదు, నేతకు వంకలు మొదలుపెట్టింది.

సేటు గుడ్డ విప్పి చూసి మా ముందే విసిరేశాడు.

"ఇంకొక్క తాను గిట్ల అచ్చిందంటే బీములన్ని తీస్కపోత, జనార్దన్. లంగ గుడ్డకు అంచేంది?"

బీములు పోతే మా ఆయన మళ్లీ భీవండి మిల్లుల్లో పనికి బస్సెక్కాలి. ఒకసారి పోయి ఊపిరి ఆడక చిక్కి సగమై వచ్చాడు. మళ్లీ పంపడం నా వల్ల కాదు.

సాంచాలు బాగుచేసే వెంకటిని పిలిచాము. అతను అన్నీ విప్పి, బిగించి, చేతులు తుడుచుకున్నాడు.

"సాంచెల దోషం లేదు వదినె. ఉంటే మీ ఇంట్ల ఉంటది. కొండగట్టు అంజన్న కాడికి పోయి రార్రి."

పోయి కొబ్బరికాయ కొట్టి వచ్చాము. తెల్లారి చూస్తే అంచు ఇంకో రెండు వేళ్లు వెడల్పయింది. అంజన్న కూడా మా అత్త జోలికి పోలేదన్నమాట.

ఇక నా వల్ల కాలేదు. కొంగు దోపుకుని సాంచె ముందు నిలబడ్డాను.

"ఏం తక్కువ జేసినం అత్తా నీకు? జరమొస్తె దవాఖానల నీ పక్కపొంటి కూసున్న. దినాం తల దువ్విన. నువ్వు పోయిన్నాడు బజారంత బందుంటే ఎవలింటికన్న పోయి గుడ్డ అడిగినమా? గీ సాంచె మీదికెల్లే కోసి, ఇంటి గుడ్డనే కప్పినం గద..."

సాంచె ఆగిపోయింది. కరెంటు ఉంది. పక్కన మూడూ దడదడా ఆడుతూనే ఉన్నాయి.

నేనన్న మాట నాకే తగిలింది. నేసేవాళ్లు ఇంటి గుడ్డలోనే పోవాలని మాలో ఒక మాట ఉంది. అత్తమ్మ ఎప్పుడూ ఆ మాటే అనేది. అందుకే ఆ రోజు ఎవరూ రెండోసారి ఆలోచించలేదు. బతుకంతా రుద్రాక్షంచు కట్టిన మనిషిని లంగా గుడ్డ కప్పి పంపాము. నాకు కోపం పోలేదు, సిగ్గు మాత్రం వచ్చింది.

"ఎర్ర నూలు పట్కరా," అన్నాను మా ఆయనతో.

"పిచ్చి లేసిందా? రేపు సేటు అస్తడు. ఎర్ర పోగు కండ్ల వడ్డదంటే ఇగ అయిపాయె."

"ఎట్లైన అయిపోతది. మీ అమ్మ ఇడుస్తదా?"

ఆయన గొణుక్కుంటూనే పోయి తెచ్చాడు. బీముకు రెండు పక్కలా ఎర్ర పోగులు అతికి సాంచె ఆడించాడు. అతికింది ఉత్త ఎర్ర పోగులే, గుడ్డ మీద పడ్డవి రుద్రాక్షలు. తల్లి పోయిన రోజు కూడా ఏడవని మనిషి ఆ అంచు పట్టుకుని కింద కూలబడి ఏడ్చాడు.

చీరంత గుడ్డ కాగానే కోశాము. ఎర్ర పోగులు తీసేసి, సాంచెను పక్కింట్లో ఉండే మా తోటికోడలికి అప్పగించి, పొద్దున్నే జగిత్యాల మీదుగా ధర్మపురి పోయాము. చీరను గోదావరిలో విడిచిపెట్టి దండం పెట్టుకున్నాము.

తిరిగొచ్చేసరికి షెడ్డులో సేటు ఉన్నాడు. కొత్త తాను మొదటినుంచి చివరిదాకా విప్పించాడు. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. అంతా తెలుపే.

"గిట్లుండాలె గుడ్డంటే," అని కొత్త బీములు దింపించి పోయాడు.

మా ఆయన నవ్వు చూసి చాలా రోజులైంది. నేను మాత్రం సాంచె మీది గుడ్డ తెల్లని అంచు చేత్తో తడుముతూ కూర్చున్నాను. ఈ ఇంట్లో నాకు వంక పెట్టేవాళ్లు ఇక ఎవరూ లేరు. ఎందుకో ఆ సంగతి నాకు బాగనిపించలేదు.

"ఇగో, ఇను," అన్నాను. "నేను పోయిన్నాడు బజారు బందున్న సరే. పెట్టె అడుగున పచ్చంచు చీర పెట్టిన. గదే కప్పాలె. మర్సినవనుకో, మీ అమ్మ లెక్క అంచుతోని ఊకుంట అనుకోకు."