మోరిస్ కారు ముందు అద్దం

ఉమాశంకర్‌కు పాతపట్నంలో రంగులు, హార్డ్‌వేర్ అమ్మే కొట్టు ఉంది. కొట్టు వెనక గదిలో మూడు గోడలకూ అరలు కొట్టించి పాత ప్లాస్టిక్ కారు కిట్లు పేర్చుకున్నాడు. ఒక్కో అట్టపెట్టెలో ఒక్కో కారు, ముక్కలు ముక్కలుగా. ఆ ముక్కలు ప్లాస్టిక్ కొమ్మలకు కాయల్లా అతికి ఉంటాయి. వాటిని కోసి, ఉప్పు కాగితంతో అరగదీసి, అతికించి, రంగు వేస్తే అరచేతిలో పట్టేంత కారు తయారవుతుంది. నలభై యాభై ఏళ్ల కిందట తయారై, ఇప్పుడు ఎక్కడా దొరకని కిట్లంటే అతనికి ప్రాణం.

నెలకో ఆదివారం కొత్తవలసలో సూర్యారావు ఇంటికి వెళ్లేవాడు. సూర్యారావు గూడ్సు రైలు గార్డుగా చేసి రిటైరైన మనిషి. ఇదే పిచ్చి ఉన్న నలుగురైదుగురు అక్కడ చేరి, తాము కట్టిన కార్లు బల్ల మీద పెట్టేవారు. సూర్యారావు ఒక్కోటీ చూసుకుంటూ వచ్చి, ఉమాశంకర్ కారు దగ్గర ఆగి, "సెయ్యంటే ఇదిరా శంకరం" అనేవాడు. పన్నెండేళ్లుగా ఆ మాట ఇంకొకరికి దక్కలేదు.

కిందటేడు అక్కడికి కన్యాకుమారి వచ్చింది. ఆమె పుట్టిల్లు నౌపడ దగ్గర సముద్రపొడ్డున, చేపల వ్యాపారం చేసే ఇల్లు. తను మాత్రం శ్రీకాకుళంలో కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తోంది. ఆమె తెచ్చిన ఎర్ర జీపు ముందు సూర్యారావు చాలాసేపు నిలబడిపోయాడు.

"తలుపు సందు సూడరా శంకరం. ఎంట్రుక దూరదు" అన్నాడు. ఆ మాట వేరే ఎవరితోనూ అనలేదు, ఉమాశంకర్‌తోనే అన్నాడు.

"బాగుందమ్మా" అని ఉమాశంకర్ నవ్వాడు. ఇంటికి వచ్చి, కూరలో ఉప్పు లేదని భార్య రేఖను కసిరాడు. రేఖ రుచి చూసి, "సరిగ్గానే ఉన్నాది. మీకేటయినాది?" అంది.

ఆ తర్వాత ప్రతి నెలా అదే వరస. ఎవరూ చూడనప్పుడు కన్యాకుమారి కారును చేతిలోకి తీసుకుని, భూతద్దం పెట్టి తప్పు కోసం వెతికేవాడు. గమ్ము మరక ఉండదు. రంగు గడ్డకట్టి ఉండదు. ఒక్క తప్పు దొరికితే చాలు, ఆ నెల హాయిగా గడిచేది. దొరికేది కాదు. ఎలా చేశావని ఒకసారి అడిగితే, "మనిసి నోట్లో పన్ను అతకాల కదా అన్నయ్యా. కారు నొప్పనదు, ఇదేటి కష్టం?" అందామె. ఆ తేలికదనమే అతనికి ముల్లులా గుచ్చుకుంది.

సూర్యారావు దగ్గర తెరవని కిట్ ఒకటుంది. మోరిస్ కారు. అతని తండ్రి విజయనగరంలో ఒక డాక్టరుగారి దగ్గర అలాంటి కారే నడిపేవాడట. డెబ్భై నాలుగులో కలకత్తాలో ఆ పెట్టె కనిపిస్తే సూర్యారావు కొని దాచుకున్నాడు. ఇప్పుడు అతని చేతులు వణుకుతున్నాయి. "మంచి సెయ్యి సూసి కట్టించాల" అనేవాడు. ఆ చెయ్యి తనదేనని ఉమాశంకర్ ఏనాడో తీర్మానించుకున్నాడు.

కార్తీకంలో ఒక ఆదివారం కన్యాకుమారి రాలేదు. అందరూ వెళ్లాక సూర్యారావు ఆ పెట్టె తెచ్చి ఉమాశంకర్ చేతుల్లో పెట్టాడు. ఉమాశంకర్ దాన్ని గుండెకు హత్తుకున్నాడు.

"దీన్ని కన్యాకుమారికి ఇచ్చెయ్‌రా. ఎలాగూ శ్రీకాకుళం మీదనే ఎల్తావు కదా" అన్నాడు సూర్యారావు.

ఉమాశంకర్ శ్రీకాకుళంలో దిగలేదు. పెట్టెతో సహా పాతపట్నం వెళ్లి, మర్నాడు మధ్యాహ్నం కొట్టు వెనక గదిలో దాన్ని తెరిచాడు. ఏం చేస్తున్నాడో తెలిసే చేశాడు. పారదర్శకంగా ఉన్న ముక్కల కొమ్మ నుంచి ముందు అద్దాన్ని చిన్న కత్తితో కోసి సొరుగులో వేశాడు. అద్దం లేకపోతే కారు ముఖం ముఖంలా ఉండదు. మిగతాదంతా సర్ది, వారంలో ఆమెకు అందజేశాడు.

రెండు రోజులకు ఫోన్ వచ్చింది. "అన్నయ్యా, ముందు అద్దం లేదు."

"పాత కిట్టు కదమ్మా. ఎక్కడ పడిపోనాదో" అన్నాడు. ఫోన్ పెట్టాక అతనికి ఈల వెయ్యాలనిపించింది.

తర్వాతి నెల ఆదివారం కన్యాకుమారి మోరిస్ కారు తెచ్చింది. బూడిద రంగు, లోపల గోధుమ రంగు సీట్లు, ముందు అద్దం! పళ్ల అచ్చులకు వాడే సుద్దతో అద్దం ఆకారం పోసి, ల్యాబులో పంటి తొడుగులకు వాడే పలచని పారదర్శక ప్లాస్టిక్ రేకును వేడిచేసి దాని మీద లాగిందట. ఆ అద్దం నీటిచుక్కలా మెరిసింది. సూర్యారావు వంగి అందులోంచి లోపలికి చూశాడు. "మా అయ్య ఇక్కడే కూకునేవాడు" అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. ఉమాశంకర్‌కు ఆ అద్దాన్ని వేలితో నొక్కి విరిచెయ్యాలనిపించింది. ఆ ఆలోచనకు తనే భయపడి పెరట్లోకి వెళ్లాడు.

కన్యాకుమారి వెనకే వచ్చింది.

"ఆ ప్లాస్టిక్ అంతా పసుపెక్కిపోనాది అన్నయ్యా. అద్దం కోసిన కాడ మాత్రం తెల్లగా ఉన్నాది. కోత కొత్తది" అంది. "సూర్యారావు మావకి నాను సెప్పను. సెప్తే మీరే సెప్పాల."

ఉమాశంకర్ పెరటి గుమ్మం గుండానే బయటపడి బస్సెక్కాడు.

ఆ వారమంతా కొట్టులో ఎవరు ఏం అడిగినా మరొకటి ఇచ్చాడు. శనివారం అద్దాన్ని కాగితంలో పొట్లం కట్టుకుని కొత్తవలస వెళ్లి, జరిగింది చెప్పాడు.

"ఎందుకురా?" అన్నాడు సూర్యారావు.

"నాకిస్తావనుకున్నాను మావా. ఆయమ్మకిచ్చినావు."

"నువ్వు కడితే అందరికీ సూపించడానికి కడతావురా. మా అయ్యని అలా సూపించుకోడం నాకిష్టం నేదు." ముసలాయన అద్దం పొట్లం అందుకున్నాడు. "ఎల్లు. కొన్నాళ్లు నా గుమ్మం ఎక్కకు."

కొన్నాళ్లంటే నాలుగు నెలలైంది. ఉమాశంకర్ ఒక్క కిట్టూ తెరవలేదు. ఆదివారాలు కొట్టు తీసి కూర్చున్నాడు. ఎండలు ముదిరాక, పనుండి శ్రీకాకుళం వెళ్లి, కాళ్లు ఈడ్చుకుంటూ ల్యాబు మెట్లెక్కాడు.

"మావకి సెప్పినారా?" అడిగింది కన్యాకుమారి.

"సెప్పినాను. గెంటేసినాడు."

"గెంటడా మరి!" అని ఆమె నవ్వి, స్టూలు లాగి వేసింది.

"ఆ అద్దం ఎలా సేసినావో సూపించమ్మా" అన్నాడు.

ఆమె సుద్ద అచ్చు మీద రేకు పరిచి యంత్రం వేడి పెంచింది. రేకు మెత్తబడి వంగుతుంటే ఆమె వేళ్లు ఎక్కడా తొట్రుపడలేదు. ఉమాశంకర్‌లో పాత మంట మళ్లీ లేచింది. ఈసారి దాచుకోలేదు.

"నీ సెయ్యి సూస్తంటే కుళ్లొస్తన్నాదమ్మా" అన్నాడు.

"కుళ్లుకోండి అన్నయ్యా, ఎవులొద్దన్నారు? ఆ మూల మాత్రం గట్టిగా పట్టుకోండి, జారిపోతన్నాది."

ఉమాశంకర్ పట్టుకున్నాడు.