బరువు మీద బిగింపు

హరాధన్ సాంత్రా కూరల సంచీలోంచి ముందు గుమ్మడికాయ చెక్క తీసి గోడవారగా పెట్టాడు. తర్వాత తోటకూర కట్ట. ఆ తర్వాత అడుగునున్న పెద్ద పానా తీసి, లుంగీ అంచుతో దాని నోరు తుడిచి, బరువు చూస్తున్నట్టు చేతిలో ఒకసారి ఎగరేసి పట్టుకున్నాడు. బజారుకని చెప్పి బయల్దేరిన మనిషి అలా షెడ్డుకు చేరాడు.

డాక్టరు గుండె బొమ్మ చూపించి, ఇక బండి కింద పడుకోవడం కుదరదని చెప్పిన రోజే భార్య పారుల్ ఆయన పనిముట్లన్నీ ట్రంకుపెట్టెలో పడేసి తాళం వేసింది. తాళంచెవి ఆవిడ చీర కొంగుకు ముడేసి ఉంటుంది. హరాధన్ ఆ కొంగు జోలికి పోలేదు. ఆవిడ కొళాయి దగ్గర బిందె వంతు కోసం పోట్లాడుతుండగా పెట్టె వెనక మడతబందుల మరలు ఊడదీసి, పానా తీసుకుని, మరలు మళ్లీ బిగించేశాడు. తాళం వేసినట్టే ఉంది.

"మళ్లీ వచ్చావా కాకా!" షెడ్డు యజమాని ఝంటూ తల పట్టుకున్నాడు. "ఇంట్లో కాకీమాకు తెలిస్తే నా షెడ్డు పీకి కాలవలో పడేస్తుంది."

"పడేసినప్పుడు చూద్దాంలే. జాకీ ఇలా తే."

షెడ్డని పెద్ద పేరే గానీ, బాగ్‌బజార్ వెనక కాలవ ఒడ్డు సందులో, ఫుట్‌పాత్ మీద నాలుగు రేకులు. ఒక పక్క భోంబల్ చేపల బల్ల, ఇంకో పక్క మినతి మాసి టీ బంకు. మా సందు మొత్తానికి కడుపు నింపేది ఈ మూడే. మధ్యలో రోడ్డుకు ఆనుకుని పసుపు అంబాసిడర్ టాక్సీ నిలబడి ఉంది. డ్రైవరు రామ్‌సూరత్ మహతో దాని బానెట్‌కు ఆనుకుని ఖైనీ నలుపుకుంటున్నాడు. గుంతలో పడితే ముందు చక్రాల దగ్గర ఠక్కుమంటోంది, బ్రేకు వేస్తే బండి ఎడమకు లాగేస్తోంది. చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఇనుప చేతులు, అంటే సస్పెన్షన్ ఆర్ములు, తుప్పు తిని సన్నబడ్డాయి. వాటి కీళ్లలో ఉండే రబ్బరు బుష్షులు పగిలి పొడి రాలుతున్నాయి.

"కాకా, కాస్త నా మాట విను," అన్నాడు ఝంటూ. "ఈ వానాకాలం దాటితే బండి వయసు తీరిపోతుంది. సర్కారోళ్లు రోడ్డెక్కనివ్వరు, ముక్కలు చేసే యార్డుకు పోవాల్సిందే. దానికి కొత్త ఆర్ములెందుకు? అరిగినచోట టైరు ముక్క కుక్కి, గ్రీజు పులిమి పంపేద్దాం. అందరికీ అదేగా చేస్తున్నాం."

"అందరికీ నువ్వు చేస్తున్నావు. నేను చెయ్యట్లేదు."

"దాదా, నాకూ పర్లేదు," అని రామ్‌సూరత్ నసిగాడు. "ఎలాగో ఈ కాసిన్ని నెలలు దొర్లిస్తే చాలు."

హరాధన్ పానా నేలమీద పెట్టాడు. "డాక్టరు నాకూ ఇదే చెప్పాడు, వయసు తీరిందని. రేపు నా గుండెలో కూడా టైరు ముక్క కుక్కుతావేంట్రా ఝంటూ?"

మినతి మాసి బంకు వెనక నుంచి కిసుక్కుమని నవ్వింది. ఝంటూ వెళ్లి జాకీ తెచ్చాడు.

షెడ్డు గోడకు కొక్కేనికి ఒక గోనె మూట వేలాడుతుంటుంది. అందులో అంబాసిడర్ ముందు ఆర్ములు, నూనె కాగితం చుట్టినవి, రెండు వైపులకూ సరిపడా ఉన్నాయి. ఆ కార్లు తయారుచేసే ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు హరాధన్ పట్టుబట్టి కొనిపించి దాచినవి. పాత ఇనుము వాడు వచ్చినప్పుడల్లా ఝంటూ ఆ మూట వంక చూస్తాడు. అప్పుడల్లా హరాధన్ సరిగ్గా దాని కిందే స్టూలు వేసుకుని కూర్చుంటాడు. ఇవాళ ఆయనే మూట దించి, చంటిపిల్లకు స్నానం చేయించినట్టు ఆర్ములను కిరసనాయిలుతో కడిగాడు.

మనిషి పొట్టి. ఎప్పుడూ పైకి చూస్తూ పనిచేసిన మెడ కాబట్టి నిలబడ్డా గడ్డం కొంచెం ఎత్తే ఉంటుంది. తెలియనివాళ్లు పొగరనుకుంటారు. పొగరు లేదని నేనూ చెప్పను. ఎడమచేతి చూపుడువేలు సగమే ఉంది. వయసులో ఉన్నప్పుడు ఊరికి దక్షిణం వైపు పెద్ద అద్దాల గ్యారేజీలో ఉద్యోగం దొరికింది. యూనిఫారం, మధ్యాహ్నం భోజనం. పాత బుష్షుకే నల్లరంగు కొట్టి కొత్తదని చెప్పమని ఫోర్‌మన్ అన్నాడు. హరాధన్ ఆ బుష్షు తీసుకెళ్లి కారు యజమాని చేతిలో పెట్టి, యూనిఫారం విప్పి కౌంటరు మీద పడేసి, బనీనుతో ట్రామెక్కి ఇంటికొచ్చాడు. మధ్యాహ్నం భోజనం దాకా కూడా ఆగలేదని పారుల్ ఇప్పటికీ దెప్పుతుంది.

చక్రాలు ఊడాయి. అసలు ప్రమాదమంతా ఆ తర్వాతే. బండి బరువు మోసే ఇనుప కడ్డీ ఒకటి ఆర్ముతో ముడిపడి మెలితిరిగి ఉంటుంది. దాని బిగువు సడలకుండా ఆర్ము ఊడదీస్తే అది తన్నుతుంది. ఒకప్పుడు హరాధన్ సగం వేలు పోయింది దానివల్లే. ఆయన ఆర్ము కింద రెండో జాకీ పెట్టి, ఊపిరి బిగపట్టి, అంగుళం అంగుళం దించాడు. కడ్డీ మూలిగి నెమ్మదించింది. తుప్పుపట్టిన బోల్టులు సుత్తి దెబ్బలకు గానీ దారికి రాలేదు. పాత బుష్షు చేతిలోకి రాగానే చిదిమి చూసి, "చూడు, ఇదా నువ్వు టైరు ముక్కతో కప్పేద్దామన్నది," అని ఝంటూ మీదికి విసిరాడు. కొత్త బుష్షులను సబ్బునీళ్లలో ముంచి ఎక్కించాడు. నూనె రాస్తే రబ్బరు కుళ్లిపోతుంది.

రెండు వైపులా ఆర్ములు ఎక్కించేసరికి ఆయన మొహం బూడిదరంగుకు తిరిగింది. బండి కింద నుంచి జరిగి వచ్చి స్టూలు మీద కూర్చుని, ఛాతీ మీద అరచెయ్యి పెట్టుకుని కాలవ వైపు చూస్తుండిపోయాడు. ఝంటూకు భయం వేసింది. ముసలాయన మళ్లీ కింద దూరకుండా మిగిలిన పని తానే ముగించేద్దామనుకున్నాడు. బండి ఇంకా జాకీల మీద, చక్రాలు గాలిలో ఉండగానే బుష్షుల బోల్టులన్నీ గట్టిగా బిగించేశాడు.

పానా చివరి చుట్టు కిర్రుమనగానే హరాధన్ తల తిప్పాడు.

"ఏం చేశావురా?"

"బిగించాను. అయిపోయింది కాకా, నువ్వు ఇంటికెళ్లు."

"చక్రం వేలాడుతుండగా బిగించావా?" ఆయన లేచాడు. "బండి కిందికి దిగాక ఆర్ము పైకి లేస్తుంది. నువ్వు బిగించిన రబ్బరు ఆ మెలికలోనే ఇరుక్కుని నలుగుతూ ఉంటుంది. వానలు తగ్గకముందే చిరిగిపోతుంది. మోయాల్సిన బరువు మోస్తుండగా బిగించాలిరా, బరువు మీద. ఎన్నిసార్లు చెప్పాను నీకు!"

"దానికున్నదే కొన్ని నెలలు కాకా!"

"ఆ కొన్ని నెలలూ చిరగకూడదు. వదులు చెయ్యి."

ఝంటూ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కోపమో, బాధో వాడికే తెలియదు. బోల్టులన్నీ వదులు చేశాడు. చక్రాలు తగిలించి, మందపాటి దుంగచెక్కల మీదికి బండి ఎక్కించాడు. హరాధన్ చేతులు చరిచి కేకేశాడు.

"రండి, ఎక్కండి!"

మా సందుకు ఇది అలవాటే. బిగించేటప్పుడు బండిలో మనుషులు నిండా కూర్చోవాలి. భోంబల్ చేపల కత్తి బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కోకుండానే వెనక సీట్లో కూలబడ్డాడు. బండి ఒక్కసారిగా కుంగింది. మినతి మాసి కెటిలుతో సహా ఎక్కింది.

"కొంచెం జరుగు, అంతా నువ్వే పరుచుకున్నావు," అంది.

"నన్ను పిలిచిందే ఈ ఒళ్లు చూసి మాసీ. జరిగితే పని చెడుతుంది," అన్నాడు భోంబల్.

రామ్‌సూరత్ స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఎడమవైపు ముందు సీటు ఖాళీగా ఉంది. అందులో ఎవరిని కూర్చోబెట్టాలా అని హరాధన్ చూస్తుండగా సందు మొదట్లో పారుల్ కనిపించింది. కొంగు నడుముకు దోపుకుని విసవిసా వస్తోంది.

"బజారు ఇక్కడ పెట్టారా? వంకాయలు బండి కింద కాస్తున్నాయా?" ఆవిడ గొంతుకు కాకులు లేచాయి. "పెట్టె తాళం తీయకుండా పానా ఎలా తీశారో ముందు అది చెప్పండి!"

"అది తర్వాత. ఎక్కి కూర్చో."

"ఏంటీ?"

"ముందు సీట్లో ఒక మనిషి బరువు తక్కువైంది. బండి ఒరిగిపోతోంది. కూర్చో పారుల్, ఈ ఒక్కటీ బిగించేసి వస్తాను. ఇదే ఆఖరుది. ఆ మూటలో ఇంకేమీ లేవు."

ఆవిడ ఖాళీ గోనె సంచీని చూసింది, భర్త మొహం చూసింది. తలుపు తీసుకుని సీట్లో కూర్చుని, విసురుగా తలుపేసింది. హరాధన్ బండి కిందికి దూరాడు. తన పెళ్లాం, సందులో వాళ్లు అందరూ పైన కూర్చుని ఉండగా కింద వెల్లకిలా పడుకుని ఒక్కో బోల్టూ బిగించాడు. ఎవరు కదిలినా కింద నుంచి తిట్లు వచ్చాయి. ఎవరూ దిగలేదు.

బయటికొచ్చాక చెప్పులు విడిచి, దుంగచెక్క పక్కన జతగా పెట్టాడు. మరమ్మతు చేసిన బండిని ఆయన ఉత్తికాళ్లతోనే పరీక్షిస్తాడు. చెవికి అందని చప్పుడు అరికాలికి అందుతుందంటాడు. భోంబల్, మినతి మాసి దిగిపోయారు. పారుల్ దిగబోతే, "ఉండు, వెనక్కెళ్లి కూర్చో. తిరిగొద్దాం," అన్నాడు.

ఆవిడ జన్మలో టాక్సీ ఎక్కింది తక్కువ. పెళ్లినాడు ఎక్కింది. కొత్త పెళ్లికూతురు తల వంచుకుని కూర్చుంటే, పక్కనున్న పెళ్లికొడుకు నోటివెంట మొదటి మాట వచ్చింది, డ్రైవరుతో. "ఎడమ బుష్షు పోయిందన్నా." ఆ మాట గుర్తొచ్చి పారుల్ వెనక సీట్లో నవ్వాపుకుంది.

కాలవ పక్క పెద్దరోడ్డు మీద ట్రాములు రావడం మానేశాయి గానీ పట్టాలు అలాగే ఉన్నాయి, మధ్యలో రాళ్లు లేచిపోయి. మా మెకానిక్ మిస్త్రీలకు పరీక్ష అక్కడే. హరాధన్ ముందు సీట్లో కళ్లు మూసుకుని, పాదాలు నేలకు ఆనించి, అరచెయ్యి డాష్‌బోర్డు మీద పెట్టాడు.

"వేగంగా పోనీ. బ్రతిమాలుతూ పోకు."

టాక్సీ పట్టాల మీదికి ఎక్కింది, దిగింది. ఎక్కడా ఠక్కుమనలేదు. రాళ్ల మీద గడగడమని సాగిపోయింది. రామ్‌సూరత్ బ్రేకు నొక్కితే నిటారుగా ఆగింది.

"దాదా, ఎలా ఉంది?"

హరాధన్ కళ్లు మూసుకునే ఉన్నాడు.

"వినేటప్పుడు మాట్లాడరు," అంది పారుల్. "ఇంకోసారి పోనీ."

బండి తిప్పుకుని మళ్లీ పట్టాలు దాటారు. ఈసారి కుదుపుకు డాష్‌బోర్డు మీది చెయ్యి జారి ఒళ్లో పడింది. పడిన చెయ్యి పడినట్టే ఉంది. పారుల్ ముందుకు వంగి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. మెడ మీద వేసింది.

"దాదా?" అన్నాడు రామ్‌సూరత్.

"చప్పుడు లేదు," అంది పారుల్. "నేను విన్నాను. ఎక్కడా చప్పుడు లేదు." తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని, వెంటనే తీసేసి, "ఆస్పత్రికి పోనీ. గుంతలు చూసుకుంటూ కూర్చోకు. ఈ బండి తట్టుకుంటుంది," అంది.

రామ్‌సూరత్ ఏడుస్తూనే తోలాడు. ఊరి రోడ్లన్నీ గుంతలే. టాక్సీ ఒక్క గుంతకూ జంకలేదు. ఆస్పత్రిలో ప్రాణం ఎప్పుడో పోయింది, చేసేదేమీ లేదన్నారు. పారుల్ ఆంబులెన్సు వద్దంది. ఆయన బిగించిన బండిలోనే ఆయన్ను ఇంటికి తెచ్చుకుంది.

సాయంత్రం ఝంటూ షెడ్డు సర్దాడు. జాకీలు లోపల పెట్టాడు. పెద్ద పానా తుడిచి, గోనె మూట వేలాడిన కొక్కేనికి తగిలించాడు. ఆ రాత్రి టైరు ముక్కలున్న డబ్బా కాలవలో కుమ్మరించాడని మినతి మాసి చెబుతుంది, వాడు మాత్రం ఒప్పుకోడు. బల్ల కడగడానికి బకెట్ ఎత్తిన భోంబల్ ఆగి, చేపల నీళ్లు అటు పోకుండా పక్కకు తిరిగి వంపాడు. తడవని ఆ కాస్త జాగాలో, దుంగచెక్క పక్కన, రాగితీగతో పట్టీ కట్టిన హవాయి చెప్పులు జతగా ఉన్నాయి, వేళ్లు రోడ్డు వైపుకు తిరిగి.