లిఫ్టు ముందరి నూరు గళ్ళు

మాదాపూర్‌లోని ఆ పదంతస్తుల ఆఫీసుకి పొద్దున్నే తాళం తీసేది సెక్యూరిటీ అయినా, దాన్ని నడిపేది మాత్రం సక్కుబాయి తడిగుడ్డే. లిఫ్టు ముందు నేలమీద పది వరుసల్లో నూరు గళ్ళున్నాయి. తెల్లారేసరికి ఓ ముప్పై గళ్ళు నల్లగానో తెల్లగానో తేలతాయి, మిగతావి బూడిదరంగు. అన్నీ సరిగ్గా నిండితేగానీ లిఫ్టు కిందికి దిగదు. కొత్తగా చేరినవాళ్ళకి క్యాంటీన్ వేళలతోపాటు ఈ సంగతీ చెప్పేస్తారు.

గుడ్డతో ఒకసారి రుద్దితే తెలుపు, రెండుసార్లు రుద్దితే నలుపు. ఒకే రంగు పక్కపక్కన మూడు రాకూడదు. అడ్డంగా చూసినా నిలువుగా చూసినా ప్రతి వరుసలో ఐదు తెలుపు, ఐదు నలుపు ఉండాలి.

కాకినాడ నుంచి వచ్చి ఉద్యోగంలో కొత్తగా చేరిన నీహారిక ఎనిమిదింటికే టీ కప్పుతో నిలబడి చూసేది. అబ్బ, ఏం పనితనం! సక్కుబాయి చేతికి తడబాటన్నదే లేదు. ఓరోజు ముచ్చటపడి తనూ గుడ్డ పట్టుకుంది. ఒక్క గడి తప్పింది, మొత్తం మొదటికొచ్చింది.

"అందాజ మీద పెట్టొద్దు బిడ్డా. రెండు నల్లవి జంటగున్నయ్ జూడు. అటు ఇటు తెల్లయే గద. తెలిసిన కాడి నుంచి తెల్వని కాడికి పోవాలె," అంది సక్కుబాయి.

అలాంటి మనిషిని మేనేజరు రోహిత్ పిలిచి, "రేపట్నుంచి రావద్దమ్మా. ఆధార్ కార్డులో అరవై నిండాయి, రూలు ఒప్పుకోదు," అన్నాడు. ఆ కార్డు రాసినాయన, పుట్టినరోజు తెలియదంటే ఆమె నెరిసిన తల చూసి జనవరి ఒకటని ఏదో సంవత్సరం వేసేశాడు. ఒక్క గడీ అందాజ మీద నింపని మనిషి వయసేమో అందాజ మీద నింపారు!

మర్నాడు నేలంతా బూడిదరంగే. ఒక్క గడీ తేలలేదు. ఇంజనీర్లు ప్రోగ్రామ్ రాస్తే లక్షల జవాబులొచ్చాయి. వాటిలో నేలకి ఏది కావాలో ఎవరికి తెలుసు? రెండు నింపి చూశారు, రెండూ చెరిగిపోయాయి. లిఫ్టు పైనే ఉండిపోయింది.

అప్పుడే సక్కుబాయి యూనిఫాం తిరిగిద్దామని వచ్చింది. చెప్పులు విడిచి అడుగేసింది. ఆమె పాదం పడిన చోటల్లా గళ్ళు ఒక్కొక్కటే తేలాయి. జనం పక్కకి జరిగి దారిచ్చారు.

"రోజూ రావాలమ్మా మీరు," అన్నాడు రోహిత్.

"కార్డు ఒప్పుకోదు గద సార్," అంటూనే ఆమె గుడ్డ అందుకుని మిగతా గళ్ళు నింపసాగింది.

తెలిసిన చోటు నుంచి కదా పోవాలి! నీహారికకి చప్పున తట్టింది. "ఆంటీ, మీకు తమ్ముళ్ళున్నారా?"

"మల్లయ్య ఉన్నడు, నార్సింగిల. నా ఎనుక నాలుగేండ్లకు పుట్టిండు. ఆడు బడికి పోయిండు, నేను ఇంటి పనికి ఉన్న."

"అయితే ఆయనకి స్కూలు సర్టిఫికెట్ ఉంటుందిగా!"

అక్కడే ఫోన్ చేశారు. మల్లయ్య పెట్టె వెతికి, తేదీ చదివి వినిపించాడు. అతనికి సరిగ్గా యాభై.

"అంటే మీకు యాభై నాలుగే ఆంటీ!"

"ఈ కాగితం పెట్టి తేదీ మార్పిద్దాం. అందాకా మిమ్మల్ని పనిలో పెట్టిన ఏజెన్సీతో నేను మాట్లాడతాను," అన్నాడు రోహిత్.

చివరి గడి దగ్గర సక్కుబాయి చేతిలో గుడ్డ ఆగింది. కళ్ళనిండా నీళ్ళు.

"యాభై నాలుగేనా! గా కార్డును నమ్మి నేను నిజంగనే ముసల్దాన్నయిన అనుకున్న గద బిడ్డా. మోకాళ్ళు గూడ నొచ్చినయ్."

కొంగుతో కళ్ళు తుడుచుకుని, మిగిలిన ఆ ఒక్క గడిని రెండుసార్లు రుద్దింది. లిఫ్టు దిగింది.

"ఇగ ఎక్కుండ్రి," అంది.