మూడు నెలల గుడ్డ

బుధవారం పొద్దున పది కొట్టేసరికి టైలరూ ఆయన భార్యా పెద్ద బజారు దుకాణం తలుపు ముందు ఉండాల్సిందే. అరవై దాటిన సభ్యులకి కార్డు చూపిస్తే ఆ రోజే తగ్గింపు. తగ్గింపులు ఏరుకునే విద్యలో ఆవిడని మించినవాళ్ళు లేరు. 'ఆఫర్' అని పసుపు చీటీ అంటించిన సబ్బు మీద కార్డు పనిచేయదు, దాని వెనకాల చీటీ లేని సబ్బు మీద పనిచేస్తుంది. చీటీ చూసి ఎగబడేవాళ్ళని చూస్తే ఆవిడకి జాలి.

సబ్బుల మాట అలా ఉంచండి. అసలు సంగతి ఆ దుకాణంలోని మందుల కౌంటరు. ఆవిడ బతికున్నన్నాళ్ళూ గుండె మాత్రలు మింగాలి. కార్డు ఉంటే సగం ధర, లేకపోతే ఆ ఇంటికి అందేవి కావు. కార్డేమో ఆయన పేరున ఉంది, ఆవిడకి అరవై నిండటానికి ఇంకా రెండేళ్ళు. సభ్యుడు స్వయంగా రావాలి. రూలంటే రూలే.

టైలరుకి మూడు నెలలే టైముందని డాక్టరు చెప్పిన వారం నుంచి ఆయన కురచవడం మొదలుపెట్టాడు. మూడు నెలలకో జానెడు. తనకి తనే టేపు పెట్టి కొలుచుకుని, తన చొక్కాల కుట్లు తనే విప్పి చిన్నవి కుట్టుకునేవాడు. మొదట్లో దుకాణంలో సామాన్ల బండి తోసుకుంటూ వచ్చేవాడు. తర్వాత ఆ బండిలోనే పసిపిల్లల సీట్లో కూర్చుని "ఒసేయ్, అది కాదు, వెనకది తియ్యి" అని పురమాయిస్తూ ధరలు చదివేవాడు. ఆ తర్వాత ఆవిడ చేతిసంచిలో వచ్చాడు.

"బాబాయిగారు వచ్చారా పిన్నిగారూ?" అనేది బిల్లు కొట్టే అమ్మాయి.

"వచ్చారమ్మా" అని ఆవిడ సంచి తెరిచేది. అమ్మాయి తొంగి చూసి, నమస్కారం పెట్టి, మిషన్ మీద 'సభ్యులు వచ్చారు' మీట నొక్కేది.

ఏడాదిన్నర గడిచాక ఒక మధ్యాహ్నం ఆవిడ ఉండబట్టలేక అడిగేసింది. "ఏమండీ, మూడు నెలలన్నారు కదా. ఇన్నాళ్ళెలా ఉన్నారు?"

ఆయన అగ్గిపెట్టె మీద కూర్చుని సూదికి దారం ఎక్కిస్తున్నాడు. ఆ సూది ఆయన మోచేయంత ఉంది.

"గుడ్డ తక్కువిస్తే ఏం చేస్తాం? నా సైజు చొక్కా ఒక్కటే వస్తుంది. పసివాళ్ళవైతే నాలుగొస్తాయి. నాకిచ్చింది మూడు నెలల గుడ్డే. నీకు అరవై వచ్చేదాకా సర్దాలా వద్దా?"

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. "నన్నొక్క మాట అడిగారా? ఊళ్ళో అందరి కొలతలూ తీశారు, నాకేం కావాలో అడగడానికి నోరు రాలేదా? నిండు మనిషిగా మూడు నెలలు నా పక్కనుంటే సరిపోయేది కదండీ! ఆ మాత్రలు తగలెయ్య!"

"కత్తెర పడ్డాక ఏం చేస్తామే?" అన్నాడాయన. ఆ గొంతు కూడా అప్పటికే సగమైపోయింది.

అంతే. ఇంకేం చేస్తుంది? గట్టిగా ఏడుద్దామన్నా ఆ ఊపిరికి ఎక్కడ ఎగిరిపోతాడోనని భయం. చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అప్పట్నుంచి ఆయన్ని కళ్ళజోడు పెట్టెలో దూది పరిచి తీసుకెళ్ళేది. చివరి వారం ఆయన ఒక గుండీకి ఆనుకుని కూర్చున్నాడు. గుండీ కన్నా పొడుగేం లేడు. బిల్లు అమ్మాయి ముక్కు ఆనించినంత దగ్గరికి వంగి చూసి "వచ్చారులెండి" అంది.

మంగళవారం ఆవిడకి అరవై నిండాయి. పొద్దున పెట్టె తెరిస్తే ఆయన చెయ్యి ఊపినట్టే ఉంది.

బుధవారం బిల్లు అమ్మాయి ఆవిడ పేరున్న కొత్త కార్డు చేతిలో పెట్టింది. "హమ్మయ్య! ఇక బాబాయిగారిని ఎండలో తిప్పక్కర్లేదు పిన్నిగారూ."

కార్డు ఆయనకి చూపిద్దామని ఆవిడ పెట్టె తెరిచింది. దూది మీద వేలిగోరంత చొక్కా ఉంది. గిరాకీకి ఇచ్చేటప్పుడు మడతపెట్టినట్టు చేతులు వెనక్కి మడిచి, గుండీలన్నీ పెట్టి ఉంది. దూది అంతా వెతికింది. ఇంకేం లేదు.

వెనక వరసలో ఎవరో దగ్గారు.

"మిషన్ అడుగుతోంది పిన్నిగారూ, చెప్పాలి" అంది అమ్మాయి మెల్లగా. "సభ్యులు వచ్చారా?"

ఆవిడ పెట్టె మూసి, రెండు చేతులతో పట్టుకుంది.

"వచ్చానమ్మా" అంది. "ఒక్కదాన్నే వచ్చాను."