నొప్పంట

“సిరి వాళ్ళమ్మకు నడుము నొప్పంట.”

మా ఆయన మద్దిలేటి పొద్దున్నే ఫోన్లో వాళ్ళక్కతో ఈ మాట అంటున్నప్పుడు నేను ఆయన వెనకే వాకిట్లో ఉన్నాను. ముగ్గు డబ్బా చేతిలో పట్టుకుని, వంగడానికి నడుము ఎప్పుడు ఒప్పుకుంటుందా అని చూస్తున్నాను. పెళ్ళయి పదమూడేళ్ళు. ఆయనకు జ్వరమొస్తే అది జ్వరం. మా అత్త ఉమామహేశ్వరమ్మకు మోకాళ్ళు పట్టేస్తే అవి మోకాళ్ళ నొప్పులు. నాకు మాత్రం నొప్పి కాదు, నొప్పంట. ఎక్కడో బస్టాండులో ఎవరో చెప్పుకుంటుంటే ఆయన చెవిన పడిన సంగతిలాగ. నేను అడుగు దూరంలో నిలబడి ఉన్నా సరే, ఆ తోక లేకుండా నా నొప్పి మా ఇంట్లో ఎవరి నోటి నుంచీ బయటికి రాదు.

ఆ నొప్పి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దాని నడత అలాంటిది. ఐదింటికి లేస్తాను. లేస్తాను అనడమే గానీ, మంచం పట్టె పట్టుకుని, గోడ పట్టుకుని, నడుము కింద భాగమంతా పలక బిగించినట్టు ఉంటే ఒక్కో కాలూ ఈడ్చుకుంటూ వాకిట్లోకి వస్తాను. ఊడ్చి, నీళ్ళు చల్లి, అంట్లు తోమి, మా అమ్మాయి సిరికి క్యారియర్ కట్టేసరికి కొంచెం సడలుతుంది. పదింటికి చూస్తే నాకేమీ లేదు, చకచకా తిరుగుతుంటాను. మధ్యాహ్నం జాకెట్లకు హుక్సులు కుట్టడానికి అరగంట కూర్చున్నానా, మళ్ళీ మొదలు. మా అత్త దీన్ని నాలుగేళ్ళుగా గమనించి తీర్పు చెప్పేసింది. “పని చేస్తే తగ్గి, కూచుంటే వచ్చే నొప్పి యాడన్నా ఉంటాదా మే? కూచుంటే నొప్పి రావల్లనా, పోవల్లనా?” ఎదురింటి జానకమ్మ పడీ పడీ నవ్వింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ మాటకు నాలో నేనే తడబడ్డాను. నిజంగా ఇది నేను కల్పించుకున్నదేమో అని ఎన్నో రోజులు అనుకున్నాను.

జూలైలో నంద్యాల తీసుకుపోయాడు, ఎముకల డాక్టరు దగ్గరికి. మా ఆయన చెడ్డవాడు కాదు. శిల్పాల పని ఒక రోజు మానుకున్నాడు, బస్సులో నాకు కిటికీ పక్క సీటిచ్చాడు, శిరివెళ్ళ దగ్గర జామకాయలు కొనిచ్చాడు. డాక్టరు గదిలోకి పోగానే మాత్రం బల్ల ముందున్న కుర్చీలో ఆయన కూర్చున్నాడు. నాకు గోడవారనున్న స్టూలు.

“నడుము నొప్పంట సార్. నాలుగేండ్ల నుంచి అంట.”

“బరువులు ఎత్తుతుందా?” డాక్టరు ఆయన్నే అడిగాడు.

“ఇంటి పనే సార్, ఏముంటాది.”

“పని చేస్తే తగ్గుతుంది సార్,” అన్నాను స్టూలు మీద నుంచి. “కూర్చుంటేనే ఎక్కువ.”

డాక్టరు తలెత్తి నవ్వాడు. “అయితే ఇంకేం, బాగా పని చేయించండి,” అన్నాడు మా ఆయనతో. ఆయనా నవ్వాడు. ఇద్దరూ నవ్వుతుండగానే మందులు రాయడం అయిపోయింది. ఒక బెల్టు, కాల్షియం మాత్రలు, విశ్రాంతి. ఇంటికొచ్చాక ఆరో తరగతి చదివే సిరి ఆ కాగితం మీది ఇంగ్లీషు కూడబలుక్కుని చదివింది. “జనరల్ వీక్‌నెస్ అని రాసినాడు మా.”

మర్నాడు అన్నం తీసుకుని మా ఆయన పని చేసే చోటికి పోయాను. కొత్త రాయి దిగింది. ఆయన చిన్న సుత్తితో అక్కడ ఒకటి, ఇక్కడ ఒకటి తట్టి, చెవి ఆనించి వింటున్నాడు. రాయి గంటలా మోగితే మంచిది, మొద్దుగా పలికితే లోపల చీలిక ఉన్నట్టు. కొనడానికి వచ్చినవాళ్ళు తొందరపడుతుంటే, “వినల్లప్పా, వినకుండా ఉలి పెడితే ఎట్ల?” అన్నాడు. క్యారియర్ పట్టుకుని ఆ మాట విన్నాను. కోపమొచ్చింది. ఎంత కోపమంటే క్యారియర్ అక్కడే దుమ్ములో పెట్టి మాట్లాడకుండా వచ్చేశాను. ఆ డాక్టరు దగ్గరికే మళ్ళీ పోవాలని ఆ దారిలోనే అనుకున్నాను. వేరే డాక్టరు కాదు, ఆయనే. నవ్విన మనిషే వినాలి.

ఆ రోజు నుంచి వంటింటి క్యాలెండరు మీద రాయడం మొదలుపెట్టాను. తారీకు గడిలో పాలవాడు రాని రోజుకు మా అత్త సున్నా చుడుతుంది. ఆ సున్నా పక్కనే నేను చిన్న అక్షరాలతో “5 - 6.40” అని రాసేదాన్ని. ఐదుకు లేచాను, ఆరూ నలభైకి ముగ్గుకు వంగగలిగాను. కొన్ని రోజులు 6.15, కొన్ని రోజులు 7. ఒక గడిలో “సిరి టీచరు దగ్గర గంట కూర్చున్నాను, లేవలేకపోయాను” అని ఉంటుంది. విశ్రాంతి తీసుకోమన్నారని ఒక ఆదివారం మంచం దిగకుండా పడుకున్నాను. సోమవారం గడిలో “8” అని ఉంది, ఆ ఎనిమిది కిందికి జారిపోయి ఉంది.

సెప్టెంబరులో జూలై, ఆగస్టు కాగితాలు రెండూ చింపి మడిచి సంచిలో పెట్టుకున్నాను. మా అత్త గుండెలు బాదుకుంది. “పాలోడు రాని దినాలన్నీ దాంట్లోనే రాసిండాను కదే!”

“నావి కూడా దాంట్లోనే ఉండాయత్తా.”

“ఈ పొద్దు పనుంది నాకు. వచ్చే వారం పోదాంలే,” అన్నాడు మా ఆయన.

“నేనొక్కదాన్నే పోతాండా.”

“ఒక్కదానివే పోయి ఏం చెప్తావ్? నీకు చెప్పను రాదు.”

నిజమే, రాదు. ఇన్నేళ్ళూ చెప్పిందెప్పుడు? బస్సులో ఆళ్ళగడ్డ నుంచి నంద్యాల దాకా పెదవులు కదుపుతూ వల్లె వేసుకున్నాను. పక్క సీటు ఆవిడ నేను స్తోత్రం చదువుకుంటున్నాననుకుని కాస్త పక్కకు జరిగింది.

ఆస్పత్రిలో పేర్లు పిలిచే నర్సు జైనాబీ నా వెనక చూసింది. “మీ ఆయన రాల్యా? లోపల ఎవరు మాట్లాడతారమ్మా?”

“నేనే.”

ఈసారి కుర్చీలో కూర్చున్నాను. డాక్టరు పాత కాగితం తిరగేస్తూ, “ఏమ్మా, ఎట్లుంది?” అన్నాడు. నేను నోరు తెరిచాను.

“నడుము నొప్పంట సార్.”

నా నోటితో నేనే అన్నాను! గంట సేపు వల్లె వేసిందంతా ఎక్కడికి పోయిందో, పదమూడేళ్ళుగా విన్న మాటే బయటికొచ్చింది. ముఖం భగ్గుమంది. డాక్టరు గమనించనే లేదు, అప్పుడే కలం తీసి రాయబోతున్నాడు. ఈసారీ పోయిందనిపించింది. లేచి వచ్చేయాలనీ అనిపించింది. బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను.

“సార్, కలం పెట్టండి.”

తలెత్తాడు.

“తప్పు చెప్పినా. నొప్పంట కాదు సార్, నొప్పి. ఎవరికో కాదు, నాకే. నా మాట అయ్యేదాకా రాయొద్దండి.”

తలుపు దగ్గర జైనాబీ దగ్గింది. డాక్టరు కలం బల్ల మీద పెట్టాడు. నేను క్యాలెండరు కాగితాలు రెండూ పరిచి, వేలు పెట్టి ఒక్కో గడీ చెప్పుకుంటూ పోయాను. మొదట బయట ఎంతమంది ఉన్నారో అన్నట్టు తలుపు వైపు చూశాడు. మంచం మీద పడుకున్న ఆదివారం దగ్గరికి వచ్చేసరికి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

“అంటే తిరిగితే తగ్గుతోంది. పడుకుంటే ఎక్కువవుతోంది.”

“అవును సార్.”

“ఇది చాలా ముఖ్యమైన సంగతమ్మా. ముందే చెప్పాల్సింది.”

“చెప్పినా సార్. మీరు నవ్వినారు.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “నవ్వినట్టున్నాను,” అన్నాడు. తర్వాత జైనాబీని లోపలికి రమ్మని, నన్ను వంగమని నడుము మీద టేపు పెట్టి కొలిచాడు, బల్ల మీద పడుకోబెట్టి తుంటి దగ్గర అటూ ఇటూ నొక్కి చూశాడు. నాలుగేళ్ళలో ఒక డాక్టరు నా నడుమును ముట్టుకుని చూడడం అదే మొదటిసారి. నొక్కిన చోట ప్రాణం పోయినంత పనైంది, అయినా నాకు సంతోషంగానే ఉంది.

వెన్ను కింద కీళ్ళలో వాపు కావచ్చన్నాడు. రక్తపరీక్ష, స్కానింగు అయితే గానీ తేలదన్నాడు. బెల్టు తీసేయమన్నాడు. రాయడం అయ్యాక కాగితం నా వైపు జరిపాడు. నేను తీసుకోలేదు.

“ఏం రాసినారో చదివి చెప్పండి సార్, తెలుగులో.”

చదివాడు. “నాలుగేళ్ళుగా నడుము నొప్పి. ఉదయం గంటకు పైగా పట్టేసి ఉంటుంది. విశ్రాంతితో పెరుగుతుంది, కదలికతో తగ్గుతుంది.” ఒక్క అంట లేదు. అప్పుడు తీసుకున్నాను.

సాయంత్రం ఇల్లు చేరేసరికి మా ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. డాక్టరు చెప్పిందంతా చెప్పాను. విన్నాడు. మా అత్త గడపలో నిలబడి, “అయితే అట్లాంటి నొప్పి ఉంటాదంటనా?” అంది. ఇంతలో ఫోను మోగింది. వాళ్ళక్క.

“ఆఁ అక్కా, పోయొచ్చింది. డాక్టరే చెప్పినాడు, ఏదో వాపు ఉండొచ్చని. నొప్పి నిజమేనంట.”

నేను సంచి కింద పెట్టి, ఆయన చెవి దగ్గర్నుంచి ఫోను తీసుకున్నాను.

“వదినా, షాలినిని. నొప్పంట కాదు, నొప్పి. చెప్తా, విను.”